సరుకు ఉచితంగా ఇస్తున్నారా? బండికి ఎక్కించే ముందే పన్ను లెక్క చూసుకోండి

వస్తువు రూపంలో ఇచ్చిన దానానికి 80జీ మినహాయింపు (దానాలకు ఆదాయపు పన్ను చట్టం ఇచ్చే మినహాయింపు) రాదు. ఇది చాలామంది వ్యాపారులకు మార్చి నెలాఖరులో ఆడిటర్ దగ్గర కూర్చున్నాక గానీ తెలియదు. విశాఖ కురుపాం మార్కెట్లో హోల్‌సేల్ షాపు వంద పెట్టెల బిస్కెట్లు పాడేరు వైపు హాస్టల్‌కి పంపినా, డాబాగార్డెన్స్‌లో బట్టల కొట్టు దుప్పట్లు పంచినా, రుషికొండలో సాఫ్ట్‌వేర్ సంస్థ ఒక ట్రస్టుకి వెబ్‌సైట్ ఊరికే చేసిపెట్టినా, వాటి విలువను ఆదాయపు పన్ను చట్టం దానం కింద లెక్కలోకి తీసుకోదు. డబ్బుగా ఇచ్చిన దానికే మినహాయింపు అని 80జీ సెక్షన్ 5వ వివరణలో స్పష్టంగా ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే విదేశీ సలహాలు చదివి, సరుకు మార్కెట్ విలువ రాసిన రసీదు తెచ్చుకుంటే ఇక్కడ దానికి విలువ లేదు.

అలాగని ఇవ్వడం మానుకోమని కాదు. ఏ దారిలో ఇస్తున్నారో ముందే తేల్చుకోవాలి. ఉన్న దారులు మూడు: ఊరికే ఇచ్చేసి పన్ను లాభం వదులుకోవడం, వ్యాపార ప్రచార ఖర్చుగా చూపడం, సరుకు బదులు డబ్బు ఇవ్వడం. ఏ దారి పట్టినా జీఎస్‌టీ లెక్క విడిగా తేల్చాల్సిందే. బండి కదిలాక దారి మార్చుకోవడం కుదరదు. సరుకుతో పంపే చలానా మీద ఒకటి, పుస్తకంలో మరొకటి ఉంటే నోటీసు వచ్చేది అక్కడే.

ఒక మాట ముందుగా. కింద వాడిన సెక్షన్ నంబర్లు 1961 చట్టానివి. 2025-26 ఆర్థిక సంవత్సరం రిటర్నులకు ఇవే వర్తిస్తాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చింది కాబట్టి, ఆ తేదీ తర్వాత ఇచ్చిన వాటికి సెక్షన్, ఫారం నంబర్లు కొత్తవి చూసి రాసుకోవాలి.

ఒకే సరుకు, నాలుగు ఫలితాలు

లెక్క కోసం ఒక భాగస్వామ్య సంస్థను తీసుకుందాం. 60,000 రూపాయల బిస్కెట్లు కొంది. 5 శాతం జీఎస్‌టీ 3,000. ఆ 3,000 ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టి, అమ్మకపు పన్నులో తగ్గించుకునే జీఎస్‌టీ) తీసేసుకుంది. సంస్థలకు పన్ను 30 శాతం, సెస్‌తో కలిపి 31.2 శాతం.

ఊరికే ఇచ్చేస్తే: 3,000 క్రెడిట్ వెనక్కి కట్టాలి. మొత్తం 63,000 దానం ఖాతాకి పోతుంది. ఆదాయం లెక్కించేటప్పుడు అది ఖర్చుగా చెల్లదు కాబట్టి తిరిగి కలపాలి. పన్నులో తగ్గేది సున్నా.

నిజమైన ప్రచార ఖర్చుగా నిలబడితే: 63,000 మొత్తం ఖర్చు. పన్నులో 19,656 తగ్గుతుంది.

80జీ ఉన్న మామూలు ట్రస్టుకి 63,000 బ్యాంకు ద్వారా ఇస్తే: సగం, అంటే 31,500కి మినహాయింపు. తగ్గేది 9,828.

ముఖ్యమంత్రి సహాయనిధికి అదే 63,000 ఇస్తే: నూటికి నూరు శాతం, పరిమితి లేకుండా. తగ్గేది 19,656.

మూడో లెక్కలో ఒక మెలిక ఉంది. మామూలు ట్రస్టులకు ఇచ్చే దానంలో లెక్కకు వచ్చేది సవరించిన స్థూల ఆదాయంలో 10 శాతం వరకే. సంస్థ ఆదాయం 5 లక్షలే అయితే పరిమితి 50,000. అప్పుడు 63,000 ఇచ్చినా 50,000లో సగం, 25,000కే మినహాయింపు, తగ్గేది 7,800. నష్టం వచ్చిన ఏడాది ఇస్తే ఏమీ రాదు. ఆ మినహాయింపును పై ఏడాదికి మోసుకెళ్లే వీలూ లేదు. అందుకే పెద్ద మొత్తం ఇవ్వాలనుకునేవాళ్లు ఫిబ్రవరిలో ఒకసారి లాభం అంచనా వేసుకుని, అవసరమైతే మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత ఇవ్వడం మంచిది.

అసలు మీకు 80జీ వస్తుందా?

భాగస్వామ్య సంస్థలకు, ఎల్‌ఎల్‌పీలకు (పరిమిత బాధ్యత భాగస్వామ్యాలు) వస్తుంది. కంపెనీ అయితే 115బీఏఏ కింద 22 శాతం రేటు ఎంచుకుందేమో చూడాలి. ఎంచుకుని ఉంటే 80జీ లేదు. సొంత యాజమాన్యంలోని షాపులకు ఇది ఇంకా ముఖ్యం. ఓనరు వ్యక్తిగత రిటర్నులోనే షాపు ఆదాయం కలుస్తుంది కదా, 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే డిఫాల్ట్. దానిలో 80జీ లేదు. పాత విధానం కావాలంటే గడువులోగా ఫారం 10-ఐఈఏ దాఖలు చేయాలి. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు అలా బయటికి వెళ్లి ఒకసారి కొత్త విధానానికి తిరిగొచ్చాక మళ్లీ పాతదానికి పోలేరు. పదివేల దానం కోసం విధానం మార్చుకోవడం దండగ. మొత్తం మినహాయింపులు కలిపి లెక్కేసుకోండి.

44ఏడీ కింద అంచనా లాభం చూపేవాళ్లకి ఖర్చుల ప్రస్తావనే ఉండదు. టర్నోవరులో 6 లేదా 8 శాతం లాభంగా చూపాక, ప్రచారమైనా దానమైనా విడిగా తీసేయడం కుదరదు. పాత విధానంలో ఉంటే మాత్రం డబ్బుగా ఇచ్చిన దానికి 80జీ అడగొచ్చు.

ప్రచార ఖర్చు దారి

చిన్న, మధ్యస్థాయి వ్యాపారాలకు ఎక్కువసార్లు పనికొచ్చేది ఇదే, ఎక్కువసార్లు పాడుచేసుకునేదీ ఇదే. సెక్షన్ 37(1) ప్రకారం పూర్తిగా వ్యాపారం కోసమే పెట్టిన ఖర్చు చెల్లుతుంది. ఆషాఢ పౌర్ణమి సందర్భంగా జరిగే సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్ల దారి. దారి పొడవునా షాపులవాళ్లు మజ్జిగ, మంచినీళ్లు, బిస్కెట్లు పంచుతారు. షాపు పేరు, చిరునామా ఉన్న బ్యానరు కట్టి, గ్లాసుల మీదో ప్యాకెట్ల మీదో పేరు వేయించి పంచితే అది ప్రచారం. అదే సరుకు పేరూ ఊరూ లేకుండా గుడి అన్నదానానికి దించి వస్తే అది దానం. చేసింది రెండుచోట్లా మంచి పనే. పన్ను అధికారి చూసేది మాత్రం వ్యాపారానికి సంబంధం ఉందా లేదా అన్నదే.

వ్యాపారంతో సంబంధం ఉన్న చందాలు చెల్లుతాయని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. శ్రీ వెంకట సత్యనారాయణ రైస్ మిల్ కాంట్రాక్టర్స్ కేసులో ఆంధ్రప్రదేశ్ మిల్లర్లు బియ్యం ఎగుమతి పర్మిట్ల సందర్భంగా జిల్లా సంక్షేమ నిధికి కట్టిన మొత్తాన్ని సుప్రీంకోర్టు వ్యాపార ఖర్చుగా ఒప్పుకుంది (తీర్పుల సంపుటి ఇన్‌కం ట్యాక్స్ రిపోర్ట్స్, 223 ఐటీఆర్ 101). మద్రాస్ రిఫైనరీస్ కేసులో ఫ్యాక్టరీ చుట్టుపక్కల వాళ్లకి తాగునీరు, బడికి సాయం చేసిన ఖర్చును మద్రాసు హైకోర్టు ఒప్పుకుంది (266 ఐటీఆర్ 170). గాజువాక, పరవాడ వైపు ఫ్యాక్టరీలు చుట్టుపక్కల ఊళ్లలో చేసే పనులకు ఈ రెండో తీర్పు బాగా దగ్గరగా ఉంటుంది. కానీ సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఖర్చు తప్పనిసరైన పెద్ద కంపెనీలు దీన్ని పట్టుకోవడానికి వీల్లేదు. కంపెనీల చట్టం సెక్షన్ 135 కింద పెట్టే సీఎస్‌ఆర్ ఖర్చు 37(1) కింద చెల్లదని 2014లోనే చట్టంలో చేర్చారు. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు: వీటిలో ఏ ఒక్కటి చేరినా ఆ బాధ్యత పడుతుంది. కాబట్టి షాపులకీ చిన్న సంస్థలకీ ఈ అడ్డు లేదు.

ఫైల్లో ఉండాల్సినవి ఇవి. పంచడానికి ముందు తేదీతో భాగస్వాములు సంతకం చేసిన అరపేజీ నోట్: ఏ సరుకు, ఎంత, ఎక్కడ, వ్యాపారానికి ఏం ఉపయోగం. బ్యానరు ప్రింటింగ్ బిల్లు. బ్యానరూ సరుకూ కలిసి కనపడే ఫొటోలు, ఫోన్‌లో తీసినవే చాలు, తేదీ చెరిగిపోకుండా ఉంచండి. స్టాక్ బయటికి వెళ్లిన ఎంట్రీ. ఖర్చు టర్నోవరుకు తగ్గట్టు ఉండాలి. ఏడాదికి 40 లక్షల అమ్మకాలున్న కొట్టు 6 లక్షల ప్రచార మజ్జిగ చూపిస్తే ఎవరూ నమ్మరు. విడి కొనుగోళ్లు ఉంటే, ఒకరికి ఒకే రోజు 10,000 దాటి నగదుగా ఇచ్చిన చెల్లింపు సెక్షన్ 40ఏ(3) కింద కొట్టుకుపోతుంది. పాలు, పెరుగు, ఐసు కొనేటప్పుడు తొందరలో జరిగే పొరపాటు ఇదే.

జీఎస్‌టీ: ఇక్కడ తప్పించుకునే దారి లేదు

ఆదాయపు పన్నులో ప్రచారం కింద చెల్లిన సరుకుకి కూడా జీఎస్‌టీలో క్రెడిట్ నిలవదు. సీజీఎస్‌టీ (కేంద్ర జీఎస్‌టీ) చట్టం 17(5)(హెచ్) ప్రకారం పోయిన, పాడైన, బహుమతిగా లేదా ఉచిత శాంపిల్‌గా ఇచ్చిన సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. 2019 మార్చి 7 నాటి 92వ సర్క్యులర్ దీన్ని వివరంగా చెప్పింది. ఒకటి కొంటే ఒకటి ఉచితం లాంటి ఆఫరు వేరు. అక్కడ రెండూ కలిపి ఒక ధరకి అమ్మినట్టే కాబట్టి క్రెడిట్ ఉంటుంది. ఊరికే చేతికి ఇచ్చినదానికి ఉండదు. సీఎస్‌ఆర్ కోసం కొన్నవాటికి 2023 అక్టోబరు 1 నుంచి విడిగా 17(5)(ఎఫ్‌ఏ) కింద ఆపేశారు.

చేయాల్సిన పని ఇలా. ఇచ్చిన సరుకు ఏ కొనుగోలు బిల్లులోదో పట్టుకోండి, ముందు వచ్చింది ముందు వెళ్లింది అన్న పద్ధతిలో. ఆ బిల్లులో పడిన సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్ర జీఎస్‌టీ) విడివిడిగా రాసుకోండి. పై లెక్కలో రాష్ట్రంలోనే కొన్నారు కాబట్టి 1,500, 1,500. ఇచ్చిన నెల జీఎస్‌టీఆర్-3బీ రిటర్నులో 4(బీ)(1) వరుసలో రివర్స్ చేయండి, అంటే తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇచ్చేయండి. నెలవారీ దాఖలుదారులకు గడువు 20వ తేదీ, మూడు నెలలకోసారి దాఖలు చేసే మన రాష్ట్రం వాళ్లకి 22వ తేదీ. పొరపాటున 4(బీ)(2)లో వేస్తే అది తర్వాత తిరిగి తీసుకునే క్రెడిట్‌గా నమోదవుతుంది. ఎప్పటికీ తిరిగి తీసుకోలేని దాన్ని అక్కడ పెడితే లెడ్జర్‌లో తేలుతూ ఉండి అడిగించుకుంటుంది.

ఉచితంగా ఇచ్చిన సరుకు మీద అమ్మకపు పన్ను కూడా కట్టాలా అని కొందరు అడుగుతారు. క్రెడిట్ తీసుకున్న వ్యాపార ఆస్తిని శాశ్వతంగా ఇచ్చేస్తే, డబ్బు రాకపోయినా సరఫరాయేనని సీజీఎస్‌టీ చట్టం షెడ్యూల్ 1 చెబుతుంది. స్టాక్ విషయంలో క్రెడిట్ పూర్తిగా రివర్స్ చేస్తే ఆ షరతే మిగలదు. క్రెడిట్ వెనక్కి కట్టాక మళ్లీ అమ్మకపు పన్ను కట్టక్కర్లేదు.

మీరే తయారుచేసిన సరుకైతే దానిలో వాడిన ముడిసరుకు, ప్యాకింగ్ మీది క్రెడిట్ లెక్కేసి తీయాలి. కాంపోజిషన్ డీలరు (టర్నోవరు మీద చిన్న శాతం పన్ను కట్టే వ్యాపారి) క్రెడిటే తీసుకోడు కాబట్టి రివర్స్ చేయడానికి ఏమీ ఉండదు. విడి బియ్యం, కూరగాయలు లాంటి పన్ను లేనివాటికీ అంతే. బియ్యం లేబులు వేసి 25 కిలోలు, అంతకు తక్కువ ప్యాక్ చేస్తే 5 శాతం ఉంది, ఆ తేడా గమనించండి. నోటు పుస్తకాల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను లేదు. అంతకు ముందు 12 శాతం కట్టి కొన్న పాత స్టాక్ గోడౌన్‌లో మిగిలి ఉంటే, దాని మీది క్రెడిట్ సంగతి బిల్లు తీసి చూడాల్సిందే.

స్టాక్ రిజిస్టరులో బహుమతిగా పోయిన సరుకును విడిగా చూపాలని సీజీఎస్‌టీ నిబంధన 56(2) చెబుతుంది. టాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) స్టాక్ జర్నల్ వేసి పరిమాణం తగ్గించండి. తర్వాత జర్నల్: దానం ఖాతా లేదా ప్రచార ఖాతా డెబిట్ 63,000, కొనుగోళ్లు క్రెడిట్ 60,000, ఇన్‌పుట్ సీజీఎస్‌టీ క్రెడిట్ 1,500, ఇన్‌పుట్ ఎస్‌జీఎస్‌టీ క్రెడిట్ 1,500. ఈ జర్నల్ వేయకుండా వదిలేస్తే ఏమవుతుంది? ముగింపు స్టాక్ ఎలాగూ తగ్గుతుంది, కొనుగోలు ఖర్చు అలాగే ఉంటుంది, దానం తెలియకుండానే లాభంలోంచి పోతుంది. పైకి లాభంగా కనిపిస్తుంది. కానీ అమ్మకం లేకుండా స్టాక్ తగ్గితే, తనిఖీలో దాన్ని లెక్కలో చూపని అమ్మకంగా పట్టుకుని పన్ను, వడ్డీ, జరిమానా వేస్తారు. మంచి పని చేసి దొంగ అమ్మకం మాట పడటం ఎందుకు?

బండి కదిలేటప్పుడు

అమ్మకం కాదు కాబట్టి ట్యాక్స్ ఇన్‌వాయిస్ వద్దు, డెలివరీ చలానా రాయండి. మూడు కాపీలు: ఒకటి తీసుకునేవాళ్లకి, రెండోది బండితో, మూడోది మీ ఫైల్‌కి. వరుస నంబరు, తేదీ, ఇద్దరి పేర్లు చిరునామాలు, మీ జీఎస్‌టీ నంబరు, హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు రకం కోడ్), పరిమాణం, విలువ, సంతకం ఉండాలి. విలువ దగ్గర సున్నా వేయకండి. కొన్న ధర వేసి, పక్కన "ఉచిత పంపిణీ, అమ్మకం కాదు" అని రాయండి.

విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తప్పదు. అమ్మకం కాని రవాణాకి కూడా ఇదే నియమం. పోర్టల్‌లో అవుట్‌వర్డ్, సబ్ టైప్ అదర్స్, డాక్యుమెంటు డెలివరీ చలానా ఎంచుకోవాలి. తీసుకునే హాస్టల్‌కో ట్రస్టుకో జీఎస్‌టీ నంబరు లేకపోతే ఆ గడిలో యూఆర్‌పీ (నమోదు లేనివాళ్లు) అని కొట్టాలి. పిన్ కోడ్ సరిగా ఉండాలి, బండి నంబరు పార్ట్-బీలో నింపాలి. 200 కిలోమీటర్ల వరకు ఒక రోజు గడువు కాబట్టి విశాఖ నుంచి పాడేరు, అరకు వెళ్లడానికి చాలు. అయితే ఘాట్ రోడ్డులో వర్షానికి బండి ఆగిపోయే రోజుల్లో గడువు ముగిసేలోపే పొడిగింపు పెట్టుకోండి. ఈ-వే బిల్లు లేకుండా పట్టుబడితే పన్ను ఉన్న సరుకు మీద పన్నుకి రెండింతల జరిమానా. సాయం సరుకు అని చెబితే దారిలో వదిలేస్తారన్న నమ్మకంతో బయల్దేరకండి.

తీసుకున్నవాళ్ల సంతకం, ముద్రతో చలానా కాపీ తిరిగి తెప్పించుకోండి. డ్రైవరు చేతికి ఇచ్చి పంపించి, వారం తర్వాత కాగితం కోసం ఫోన్లు చేసే పరిస్థితి తెచ్చుకోవద్దు.

తిండి వస్తువులైతే ఆహార భద్రతా సంస్థ 2019లో తెచ్చిన మిగులు ఆహార పంపిణీ నిబంధనలు వర్తిస్తాయి. గడువు తేదీ దాటినది ఇవ్వకూడదు. గడువుకు దగ్గరపడినది ఇస్తే తీసుకునేవాళ్లకి ఆ తేదీ ముందే చెప్పండి. పిల్లల హాస్టల్‌కి వెళ్లే పెట్టెలో ఒక్క పాత ప్యాకెట్ దొరికితే మీ సాయం మొత్తానికీ మచ్చ.

సరుకు బదులు డబ్బు, డబ్బుతో సరుకు

ట్రస్టుకి కావలసింది మీ దగ్గర ఉన్న సరుకే అయితే ఒక సరైన పద్ధతి ఉంది. మీరు ట్రస్టుకి 63,000 బ్యాంకు ద్వారా దానం చేస్తారు. ట్రస్టు తన నిర్ణయంతో మీ దగ్గర 60,000 సరుకు 3,000 పన్నుతో కొంటుంది, బ్యాంకు ద్వారానే చెల్లిస్తుంది. మీరు మామూలు ఇన్‌వాయిస్ ఇస్తారు. కొన్న ధరకే అమ్మారు కాబట్టి లాభం లేదు, ఆదాయం పెరగదు. 3,000 అవుట్‌పుట్ పన్నుకి 3,000 ఇన్‌పుట్ సరిపోతుంది, రివర్స్ చేయాల్సిన పని లేదు. చేతిలోంచి పోయింది 63,000, పన్నులో తగ్గింది 9,828. అంటే ఊరికే ఇచ్చిన దానికన్నా అంత తక్కువ ఖర్చుతో అదే సరుకు అదే పిల్లలకి చేరుతుంది.

ఇది నిజంగా జరిగితేనే సరైనది. ట్రస్టు నా దగ్గరే కొనాలన్న షరతు దాన పత్రంలో పెడితే అది కాగితం ఆట అవుతుంది. ట్రస్టు ధరలు పోల్చి చూసిన కాగితం, కొనుగోలు తీర్మానం ఉండాలి. మీ ధర మార్కెట్ కన్నా ఎక్కువ ఉండకూడదు. మీరో మీ ఇంటివాళ్లో ఆ ట్రస్టులో ట్రస్టీలైతే, లేదా మీరు దానికి పెద్ద మొత్తాలిచ్చే దాత అయితే, ట్రస్టు మీకు లాభం చేకూర్చినట్టు కనబడే ఏ లావాదేవీ అయినా సెక్షన్ 13 కింద దాని మినహాయింపుకే ఎసరు పెడుతుంది. అలాంటిచోట ఈ పద్ధతి జోలికి పోకండి.

ఇచ్చే ముందు ట్రస్టు కాగితాలు చూడండి. 80జీ ఉత్తర్వు ఫారం 10ఏసీ లేదా 10ఏడీగా ఉంటుంది. దానిపై కాలపరిమితి ఉంటుంది: తాత్కాలికమైతే 3 ఏళ్లు, మామూలుదైతే 5 ఏళ్లు. మీరిచ్చే తేదీ ఆ గడువు లోపల ఉందా చూసుకోండి. గోడకి ఫ్రేము కట్టిన పాత సర్టిఫికెట్ 2021కి ముందుదైతే లెక్క కాదు. ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో పాన్ నంబరుతో కూడా సరిచూడవచ్చు. నగదుగా 2,000 వరకే చెల్లుతుంది, ఆ పైన ఇచ్చిన నగదుకి మొత్తానికీ మినహాయింపు ఉండదు.

తుపాను సమయంలో

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పటి నుంచీ, ఏ తుపాను వచ్చినా ఇక్కడి వర్తక సంఘాలు ముందుకొస్తాయి. సంఘం పేరుమీద అందరి చందా కలిపి ముఖ్యమంత్రి సహాయనిధికి చెక్కు ఇవ్వడం ఆనవాయితీ. ఫొటో బాగుంటుంది, రసీదు మాత్రం సంఘం పేరుమీద ఒక్కటే వస్తుంది. చందా ఇచ్చిన షాపులకి 80జీ రాదు. అందుకని ఎవరి సంస్థ ఖాతా నుంచి వాళ్లు, తమ పాన్‌తో నేరుగా నిధికి పంపి, ఆ రసీదుల కట్టను సంఘం అందజేస్తే కలిసి ఇచ్చినట్టూ ఉంటుంది, ఎవరి మినహాయింపు వాళ్లకి దక్కుతుంది. 1996 తుపాను తర్వాత పెట్టిన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి తుపాను సహాయ నిధి పేరు కూడా 80జీలో నూరు శాతం జాబితాలో విడిగా ఉంది.

గోడౌన్‌లో నీళ్లు చేరి సగం పాడైన సరుకుకి ఇంకో లెక్క ఉంది, చాలామంది వాడుకోరు. అట్టలు తడిసిన నోటు పుస్తకం 40కి కొన్నారు, ఇప్పుడు 10 రూపాయలకి మించి పోదు. ముగింపు స్టాకును కొన్న ధర, అమ్మితే వచ్చే ధర, ఈ రెండింటిలో తక్కువ దానికి కట్టడం అకౌంటింగ్ నియమమే. తగ్గిన 30 నిక్కచ్చిగా వ్యాపార నష్టం. ఆ తర్వాత మీరు దాన్ని బడికి ఇస్తే దానంగా పోయేది 10 రూపాయలే. నీళ్లు నిలిచిన గోడౌన్ ఫొటోలు, సరుకు విడివిడిగా పేర్చి తీసిన జాబితా, ధర ఎలా కట్టారో ఒక నోట్ ఉంచండి. జీఎస్‌టీలో మాత్రం క్రెడిట్ తీసుకున్నదంతా రివర్స్ చేయాలి. బీమా క్లెయిమ్ వచ్చి ఉంటే ఆ మేరకు నష్టం తగ్గించి చూపాలి.

వాడిన కంప్యూటర్లు, యంత్రాలు

ఇవి స్టాక్ కాదు, వ్యాపారంలో వాడే ఆస్తులు (ఫిక్స్‌డ్ అసెట్స్). 5 లక్షలకి కొన్న కంప్యూటర్ల మీద 18 శాతం, 90,000 క్రెడిట్ తీసుకున్నారనుకోండి. కొని రెండేళ్ల ఒక నెల అయింది. వెనక్కి కట్టాల్సిన క్రెడిట్ ప్రతి త్రైమాసికానికి, దాని భాగానికైనా, 5 శాతం చొప్పున తగ్గుతుంది. 9 త్రైమాసికాలు కాబట్టి 45 శాతం పోగా 49,500 కట్టాలి. ప్రస్తుత మార్కెట్ విలువ మీద పన్ను కూడా లెక్కేసి, ఏది ఎక్కువైతే అది కట్టడం క్షేమం. అంటే కాస్త పాతబడ్డాక ఇస్తే భారం తక్కువ. హార్డ్‌డిస్కులు పూర్తిగా చెరిపి ఇవ్వండి. తరుగుదల బ్లాకులో (తరుగుదల కలిపి లెక్కించే ఆస్తుల గుంపు) దీన్ని ఎలా చూపాలన్నది మీ ఆడిటరుతో ముందే మాట్లాడండి.

ఉచిత సేవలు

ఆటోనగర్ లారీ ట్రిప్పు, ప్రింటింగ్ ప్రెస్ కరపత్రాలు, ఆడిటరు చేసిన ట్రస్టు ఆడిట్, డాక్టరు క్యాంపు. మీ సమయం విలువకి మినహాయింపు లేదు. అలాగే రాని ఫీజుకి పన్నూ లేదు. సంబంధం లేని సంస్థకి ఉచితంగా చేసిన సేవ మీద జీఎస్‌టీ కూడా పడదు.

"బిల్లు వేసి తీసుకుని, ఆ డబ్బు తిరిగి దానం చేస్తే 80జీ వస్తుంది కదా" అన్న ఆలోచన సరుకులో పనిచేసినట్టు సేవలో పనిచేయదు. లక్షకి బిల్లు, 18,000 జీఎస్‌టీ. ట్రస్టు 1,18,000 ఇచ్చింది, మీరు 1,18,000 దానం చేశారు. 18,000 ప్రభుత్వానికి పోయింది. ఆదాయం లక్ష పెరిగింది, దాని మీద పన్ను 31,200. 80జీ వల్ల 59,000 మీద తగ్గింది 18,408. అన్నీ పోగా మీ జేబులోంచి 30,792 పోయింది. ఊరికే చేసిపెట్టి ఉంటే ఏమీ పోయేది కాదు. సరుకుకి కొన్న ఖరీదు ఉంది కాబట్టి లాభం సున్నా చేయగలిగాం, సేవలో బిల్లు మొత్తం ఆదాయమే అవుతుంది. కాబట్టి సేవను సేవగానే ఇవ్వండి. దొంగ ఇన్‌వాయిస్‌లు, విలువ రాసిన రసీదులు అక్కర్లేదు. ఏం చేశారో రాసి ఒక లేఖ తీసుకుంటే చాలు.

కాగితం, సిరా, డీజిలు లాంటివి విడిగా కొని పూర్తిగా ఆ పనికే వాడితే అవి దానం ఖర్చే. కరపత్రం అడుగున మీ ప్రెస్ పేరు ఉంటే ప్రచారం కింద నిలబడే అవకాశం ఉంది. వాటి మీది ఇన్‌పుట్ క్రెడిట్ మాత్రం వ్యాపారేతర వాడకం మేరకు తీసేయాలి. మీ మేనేజింగ్ పార్ట్‌నరే ఆ ట్రస్టు నడిపే వ్యక్తి అయితే జీఎస్‌టీలో సంబంధిత వ్యక్తులుగా లెక్కకొచ్చే ప్రమాదం ఉంది. సంబంధితుల మధ్య ఉచిత సేవ కూడా షెడ్యూల్ 1 కింద పన్ను పడే సరఫరా.

మే 31 తర్వాత

డబ్బు దానం తీసుకున్న ట్రస్టు ఆ ఆర్థిక సంవత్సరం వివరాలు మే 31 లోగా ఫారం 10బీడీలో దాఖలు చేసి, మీకు ఫారం 10బీఈ (దానం సర్టిఫికెట్) ఇవ్వాలి. జూన్ మొదటి వారంలోనే అడిగి తెప్పించుకోండి. మామూలు రసీదు పుస్తకంలోంచి చింపి ఇచ్చిన కాగితం దీనికి బదులు కాదు. వచ్చాక మూడు చూడండి: మీ పాన్ సరిగా ఉందా, షాపు ఇచ్చిన దానానికి ఓనరు కొడుకు పాన్ వేశారా, చెల్లింపు విధానం ఏం రాశారు. 10బీడీలో నగదు, వస్తు రూపం, ఎలక్ట్రానిక్ అని విడివిడిగా ఉంటుంది. వస్తు రూపం అని నమోదైన 10బీఈ చేతిలో ఉన్నా మినహాయింపు రాదు, ఫారం ఉంది కదా అని రిటర్నులో వేసేయకండి. తప్పులుంటే ట్రస్టు చేత సవరణ దాఖలు చేయించాలి. రిటర్నులోని 80జీ షెడ్యూల్‌లో ట్రస్టు పాన్, చిరునామా, మొత్తంతో పాటు 10బీఈ మీది దాన రిఫరెన్స్ నంబరు కూడా నింపాలి. అది ట్రస్టు దాఖలు చేసిన వివరాలతో సరిపోకపోతే క్లెయిమ్ ఆగిపోతుంది.

కమీషన్ పట్టుకుని మిగతాది నగదుగా వెనక్కి ఇస్తామనే సంస్థల రసీదులు ఎవరు తెచ్చినా ముట్టుకోకండి. తప్పుడు వివరాలతో ఆదాయం తగ్గించి చూపితే సెక్షన్ 270ఏ కింద ఎగ్గొట్టిన పన్నుకి 200 శాతం జరిమానా. ఒక సంస్థ దొరికితే దాని 10బీడీ జాబితాలోని పాన్‌లకి నోటీసులు వెళ్లే ప్రమాదం ఉంది.

చలానాలు, ఈ-వే బిల్లులు, రివర్సల్ లెక్కలు, ఫొటోలు, 10బీఈ అన్నీ ఏడాదివారీగా ఒకే ఫైల్లో పెట్టండి. జీఎస్‌టీ పుస్తకాలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి, ఈ ఫైలూ వాటితోనే ఉంచండి.